పోయినవారి మాట, ఉన్నవారి చేతిలో కాగితం

వాది: పెద్దకర్మ ముగిసిన సాయంత్రం వీలునామా బయటపడుతుంది. పిల్లల్లో ఒకరు దాని మీద ఒక్క ప్రశ్న వేస్తే చాలు, కాష్ఠం ఆరకముందే ఆస్తి గొడవా అని బంధువులు ముక్కున వేలేసుకుంటారు. ఆ నింద అన్యాయమని నా వాదన. అమ్మకం దస్తావేజు మీద తకరారు వస్తే అమ్మినాయన బోనెక్కి అవునో కాదో చెప్పగలడు. వీలునామా మాట్లాడటం మొదలుపెట్టేదే రాసినవారి మాట ఆగిపోయాక. ఈ ఒక్క తేడా వల్లే చట్టం దీనికి వేరే కొలత పెట్టింది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులుండాలి. రాసినవారు సంతకం చేస్తుండగా చూసి గాని, ఈ సంతకం నాదేనని వారి నోట విని గాని, వారి ఎదుటే ఆ ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కోర్టుకు వచ్చినప్పుడు ఆ సాక్షుల్లో బతికున్నవారు ఒకరైనా బోనెక్కి చెప్పాలి. 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. అనుమానాలుంటే తీర్చాల్సిన బరువు వీలునామా తెచ్చినవారిదే, అవి తీరి కోర్టు మనసుకు నమ్మకం కుదరాలి అంది. ఈనాటికీ వీలునామా తగాదాల తీర్పుల్లో ఆ కేసు పేరు కనిపిస్తూనే ఉంటుంది. నిరూపించే భారాన్ని చట్టమే అటువైపు పెట్టినప్పుడు, నిరూపించమని అడిగినవారు దురాశాపరులు ఎలా అవుతారు?

ప్రతివాది: అడగకూడదని నేననను. ఏం అడుగుతున్నామన్నది చూసుకోవాలంటాను. కోర్టుకెక్కే తగాదాల్లో కాగితం మీద రాసుకునే కారణం సాక్షి సంతకం. మనసులో ఉన్న కారణం మాత్రం నాకెందుకు తక్కువ ఇచ్చారన్న బాధ. ఆ బాధ నిజమైనదే, తీసిపారేయదగింది కాదు. కానీ అది దావాకు ఆధారం కాదు. అందరికీ సమానంగా పోవాలనుకునే మనిషికి వీలునామాతో పనేముంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే ఆ పని చేసిపెడుతుంది. సహజంగా పోయే దారిని మార్చాలనుకున్నప్పుడే కలం పట్టేది. కాబట్టి ఒక వారసుడికి తక్కువ వచ్చిందన్నంత మాత్రాన అది అనుమానించదగిన సంగతి కాదని 1995లో రవీంద్రనాథ్ ముఖర్జీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. మన గడ్డ మీదే దీనికి పాత ఉదాహరణ ఉంది. పిఠాపురం రాజా గంగాధర రామారావు ఒక పిల్లవాణ్ని దత్తత తీసుకున్నాక కొన్నేళ్లకు ఆయనకు కొడుకు పుట్టాడు. జమీ ఆ కొడుక్కి చెందేలా వీలునామా రాసి 1890లో ఆయన కన్నుమూశాడు. దత్తపుత్రుడు దావా వేశాడు. అది లండన్ దాకా వెళ్లింది. పంచుకోవడానికి వీల్లేని జమీని దాని యజమాని వీలునామాతో తనకు నచ్చినవారికి ఇచ్చుకోవచ్చని 1899లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఆ వీలునామా వల్ల జమీ దక్కిన పసివాడే తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పేరిచ్చిన సూర్యారావు బహద్దూర్. దత్తపుత్రుడి గుండె ఎంత మండి ఉంటుందో ఊహించగలను. అయినా తన సొత్తు ఎవరికివ్వాలో చెప్పే హక్కు ఆస్తి గలవారికి లేకపోతే, ముసలితనంలో వారి చేతిలో మిగిలేది ఏమిటి?

వాది: ఆ హక్కును నేను కాదనడం లేదు. తక్కువ ఇచ్చారన్న ఒక్క కారణంతో కోర్టుకెళ్లడం తప్పేనని ఒప్పుకుంటాను కూడా. నా పేచీ అది ఎవరి మాట అన్నదాని మీద. జీవితమంతా బ్యాంకు చలానా మీద గుండ్రంగా సంతకం చేసిన తల్లి, ఆఖరి నెలలో రాసిన వీలునామాకు వేలిముద్ర వేసిందంటే కారణం తెలియాలి. దస్తావేజు లేఖరిని పిలిచినవాడు, సాక్షుల్ని తెచ్చినవాడు, సబ్ రిజిస్ట్రారును ఇంటికి రప్పించినవాడు, అన్నీ ఒక్కడే అయి, ఆస్తిలో సింహభాగం కూడా అతనికే రాసి ఉంటే కారణం తెలియాలి. చివరి పేజీలో సంతకం దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు కుంచించుకుపోయి, పంక్తులు ఒకదానిమీద ఒకటి ఎక్కి కనిపిస్తే, ముందు సంతకం పడి తర్వాత రాత నిండిందేమోనన్న శంక రావడం సహజం. రిజిస్టరు అయిందిగదా అంటారు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఆ లెక్కనే, రిజిస్టరైనంత మాత్రాన అనుమానాలన్నీ మాసిపోవు. ముప్పై ఏళ్లు దాటిన పాత దస్తావేజును నిజమని అనుకునే వెసులుబాటు కూడా వీలునామాకు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ఫరీద్‌కోట్ మహారాజు హరీందర్ సింగ్ బ్రార్ సంగతి చూడండి. ఆయన 1989లో పోయాక, 1982 నాటిదంటూ బయటికొచ్చిన వీలునామా ప్రకారం ఆస్తి ఒక ట్రస్టుకు వెళ్లింది. ఆయన కొలువులో పనిచేసినవారు ఆ ట్రస్టీల్లో ఉన్నారు. పెద్ద కూతురు 1992లో దావా వేసింది. వీలునామా చెల్లదని 2013లో చండీగఢ్ కోర్టు, 2020లో హైకోర్టు, 2022లో సుప్రీంకోర్టు వరసగా చెప్పాయి. పెద్దల మాట అని ఆమె ఆ రోజు తల వంచి ఉంటే, ఎవరో కల్పించిన మాట మహారాజు మాటగా చరిత్రలో నిలిచిపోయేది.

ప్రతివాది: మీరు చెప్పిన ఆ సంవత్సరాలే నాకూ ఆధారం. 1992 నుంచి 2022. ముప్పై ఏళ్లు. రాజవంశం కాబట్టి అంతకాలం తట్టుకోగలిగింది. రెండెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు ఉన్న కుటుంబంలో ఆ ముప్పై ఏళ్లలో ఏమవుతుందో ఆలోచించండి. ఇంజంక్షన్ ఉండగా ఇల్లు ఎవరూ బాగుచేయించరు. పొలం కౌలుకిచ్చే ధైర్యం ఎవరికీ ఉండదు. అమెరికాలో ఉన్న కొడుకు వాయిదాకు రాలేక బావమరిదికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తాడు, అక్కడి నుంచి కొత్త తగవు. ఇంతకన్నా పెద్ద మాట ఒకటుంది. వీలునామా విషయంలో ముఖ్యపాత్ర పోషించినవారిని అనుమానించాలన్నారు. మంచాన పడ్డ తల్లికి పత్యం పెట్టి, పక్కబట్టలు మార్చి, రాత్రిళ్లు మేలుకున్న కూతురే లేఖరిని పిలుస్తుంది. ఇంకెవరు పిలుస్తారు? హైదరాబాదులో ఉన్నవాడా, డాలస్‌లో ఉన్నవాడా? దగ్గర ఉండి చూసుకున్నందుకే ఆ తల్లి ఇల్లు రాసింది, దగ్గర ఉన్నందుకే కూతురు దోషిగా కనిపిస్తోంది. సేవ చేసినవారికే ఎదురుతిరిగే కొలత ఇది. సాక్షుల సంగతీ అంతే. ఎనిమిదేళ్ల కింద ఒక మధ్యాహ్నం పది నిమిషాల పాటు జరిగిన పని. ఆవిడ మంచం మీద కూర్చుందా, కుర్చీలోనా, కలం ఎవరిది, ముందు ఎవరు సంతకం చేశారు అని ప్లీడరు గుచ్చి గుచ్చి అడిగితే, పక్కింటి రిటైర్డ్ మాస్టారు తడబడతాడు. ఆయన అబద్ధమాడలేదు, మరిచిపోయాడు. ఆ మరపు మీద నిజమైన వీలునామా కూలిపోతే, ఆ తల్లి మాటను రెండోసారి పాడె మీదికి ఎక్కించినట్టు కాదా?

వాది: సేవ చేసిన కూతురి మాట నా వాదనలో మెత్తని చోటే తగిలింది. అక్కడ నాకు పూర్తి సమాధానం లేదు. అనుమానం వేరు, నేర నిర్ణయం వేరు అని, నిజాయితీగల కూతురు వైద్యుడి చీటీతో, తల్లి ముందునుంచీ చెబుతూ వచ్చిన మాటలు విన్నవారితో ఆ అనుమానాన్ని దాటగలదని మాత్రం చెప్పగలను. కానీ నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది వీలునామా కన్నా దాన్ని చేతిలో పట్టుకున్న మనిషి. అమలు చేయమని వీలునామాలో పేరు రాసిన ఎగ్జిక్యూటర్. భారత వారసత్వ చట్టం 211వ సెక్షన్ ప్రకారం పోయినవారి ఆస్తి ఆ హోదాలో అతని పరమవుతుంది. సొంతానికి కాదు, అప్పులు తీర్చి వాటాలు పంచడానికి. ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదన్న కోర్టు ధ్రువీకరణ, తీసుకున్న ఎగ్జిక్యూటరు ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చుల లెక్క కోర్టుకు ఇవ్వాలని 317వ సెక్షన్ అంటుంది. వినడానికి గట్టి కట్టుబాటే. అయితే ఆ గడువు లెక్కపెట్టడం మొదలయ్యేది ప్రొబేట్ చేతికొచ్చిన రోజు నుంచి. మన తెలుగు జిల్లాల్లో ప్రొబేట్ తప్పనిసరి కాదు. ఆ నిర్బంధం పుట్టింది బెంగాలు ప్రాంతానికీ, మద్రాసు, బొంబాయి నగరాల పరిధికీ. కోర్టు చుట్టూ తిరిగే పని తప్పిందని మనం దీన్ని సదుపాయంగా చెప్పుకుంటాం. నా దృష్టిలో ఎగ్జిక్యూటరు చేతికి చిక్కిన సందు ఇదే. అతను కోర్టు మెట్టెక్కడు కాబట్టి లెక్క చెప్పమనే గడువే మొదలవదు. వీలునామా చూపించమంటే లాకర్లో ఉందంటాడు. అద్దెలు వసూలవుతుంటాయి, అవి ఎక్కడికి పోతున్నాయో చెప్పడు. పాస్‌బుక్కు ఎవరి దగ్గరుందో తెలియదు. చాలా ఇళ్లలో ఆ ఎగ్జిక్యూటరు పెద్దన్నయ్యే, ఎక్కువ వాటా వచ్చిందీ ఆయనకే. లెక్క అడిగినందుకు, అన్నయ్యనే నమ్మవా అని ఎదురు ప్రశ్న వస్తుంది.

ప్రతివాది: ఎగ్జిక్యూటరు వైపు కూడా ఒకసారి నిలబడి చూడాలి. అతను జీతగాడు కాడు. ఎక్కువసార్లు పోయినాయన స్నేహితుడో, మేనమామో, పరువు కోసం ఒప్పుకున్న పెద్దమనిషి. అడక్కుండానే పేరు రాసేసినవాళ్లూ ఉన్నారు. పోయిన రోజు నుంచి ఏడాది గడవకముందే వాటాలు చెల్లించి తీరాలని అతన్ని బలవంతపెట్టకూడదని చట్టమే అంటుంది, ఎందుకంటే ముందు అప్పులవాళ్లు తేలాలి. తొందరపడి పంచేసి, తర్వాత ఏ సహకార సంఘమో పాత బాకీ చూపిస్తే అతని సొంత చేతి సొమ్ము పోవచ్చు. ఆస్తిని పాడుచేస్తే 368వ సెక్షన్ కింద నష్టం కట్టాల్సిందీ అతనే. ఇటు బ్యాంకు ప్రొబేట్ తెమ్మంటుంది, అటు తహసీల్దారు ఆఫీసులో వారసులందరి సంతకాలూ తెమ్మంటారు, ఆ వారసుల్లో ఒకరు పెట్టననే అంటారు. బయటినుంచి చూస్తే ఇదంతా మొండితనంగా కనిపిస్తుంది. ఇక నిజంగానే మొండికెత్తినవాడైతే దారులు లేకపోలేదు. రిజిస్టరైన వీలునామా అతను దాచినా దాగదు. రాసినవారు బతికున్నంత కాలం సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మూడో నంబరు పుస్తకంలోని దాని నకలు వారికి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. వారు పోయాక మరణ ధ్రువపత్రం చూపి ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. రిజిస్టరు కానిదైతే, ఎవరి దగ్గరుందో వారిచేత తెప్పించే అధికారం జిల్లా జడ్జికి ఉంది. బాధ్యత తీసుకుంటావా, వదులుకుంటావా తేల్చమని ఎగ్జిక్యూటరుకు కోర్టు ద్వారా నోటీసు పంపించవచ్చు. గడువులోగా పలక్కపోతే వీలునామాను జతచేసి వేరేవారికి నిర్వహణాధికారం ఇస్తారు. మరీ మితిమీరితే 301వ సెక్షన్ కింద హైకోర్టు అతన్ని తీసేసి ఇంకొకరిని పెట్టగలదు. లెక్కలు తేల్చమని సివిలు కోర్టులో పరిపాలన దావా వేసే దారి ఎలాగూ ఉంది. ఇన్ని దారులుండగా వీలునామానే పడగొట్టాలని చూడటం, ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం.

వాది: ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. మీరు చెప్పిన దారుల్లో నకలు తీసుకోవడం, తెప్పించి చూడటం తప్పిస్తే మిగతావన్నీ వీలునామా నిజమని ఒప్పుకుని నడవాల్సినవే. వీలునామాను అమలు చేయలేదని ఎగ్జిక్యూటరు మీద ఫిర్యాదు చేయాలంటే, ముందు ఆ వీలునామాకు నేను తల ఊపాలి. తల ఊపితే తల్లి వేలిముద్ర మీద నాకున్న అనుమానం మూటగట్టి అటక మీద పెట్టినట్టే. పోనీ వీలునామా చెల్లదని దావా వేశానా, ఎగ్జిక్యూటరుకు చెప్పుకోవడానికి చక్కటి సాకు దొరుకుతుంది. వ్యవహారం కోర్టులో ఉంది, ఎవరికీ పైసా ఇవ్వలేను అంటాడు. ఆ దావా నడిచినన్నాళ్లూ అద్దె డబ్బులు అతని చేతిలోనే. అంటే రెండు వైపులా లాభం అతనికే. నాలాంటివారు ఇటు మోసం అన్న అనుమానంతోనూ అటు మొండి ఎగ్జిక్యూటరుతోనూ ఒకేసారి వేగాలి, ఒకదాని మందు ఇంకోదానికి విషం. చాలామంది చూడని మూడో దారి ఒకటుంది కాబట్టి చెబుతాను. వీలునామాను ముట్టుకోకుండా ఆస్తిని ప్రశ్నించడం. రాసినాయన తన సొత్తునే రాయగలడు. పిత్రార్జితంలో కూతురి వాటాను వీలునామాతో ఇతరులకు ఇవ్వలేడు. పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లైనవారికీ, దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తండ్రి సంతకం తండ్రిదే, సాక్షులు నిజమే చెప్పారు, కానీ ఆ మాగాణి తాతగారిది, అందులో మీరు రాసుకున్నంతా మీది కాదు అని చెల్లెలు అనగలదు. అప్పుడు ఎవర్నీ దొంగ అననక్కర్లేదు. వీలునామాలో ఏమీ దక్కని భార్య, పెళ్లికాని కూతురు ఆస్తి పొందినవారి నుంచి ఆ ఆస్తి మేరకు పోషణ అడగడానికి 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టంలో వేరే దారి ఉంది.

ప్రతివాది: ఆ మూడో దారి గౌరవప్రదమైనదే. పోయినవారి మాటను అబద్ధమనకుండా దాని హద్దు ఎక్కడిదాకానో అడగడం నాకూ సమ్మతమే. అయితే తాతగారి మాగాణి అని రుజువు చేయడానికి పాత పహాణీలు, అడంగళ్లు, పంపకాల కాగితాలు వెతకాలి. స్వార్జితం అని అన్నయ్య, పిత్రార్జితం అని చెల్లెలు, మళ్లీ ఏళ్లు గడుస్తాయి. తల్లి తన కట్నం డబ్బుతో కొన్న ఇల్లైతే ఆ దారి మొదట్లోనే మూసుకుపోతుంది, అది పూర్తిగా ఆవిడ సొత్తు. మీరు చెప్పిన చిక్కు నిజమైనదని ఒప్పుకుంటాను. ఒప్పుకుంటే అనుమానం చచ్చిపోతుంది, ఒప్పుకోకపోతే అమలు ఆగిపోతుంది. కానీ ఆ చిక్కు ఎగ్జిక్యూటరు కల్పించింది కాదు. రెండు కోరికలూ ఒకే నోట అడిగితే ఎవరి నోటికైనా వచ్చే తడబాటే అది. ఏది ముఖ్యమో వారసులు తమకు తాము తేల్చుకోవాలి. వాటా కావాలా, నిజం తెలియాలా? వాటా అయితే లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఒక పూటలో తేలే అవకాశం ఉంది.

వాది: ఒక పూటలో తేలేది డబ్బు. ఎగ్జిక్యూటరు లెక్క చూపించకుండా రాజీకి కూర్చుంటే, ఎంతలో ఎంత వదులుకుంటున్నానో నాకు తెలియదు. ముందు లెక్క, తర్వాత రాజీ. లెక్క కోసం నోటీసు ఇవ్వాల్సిందే. వాటాకూ నిజానికీ మధ్య ఒకటి ఎంచుకోమనడం కూడా న్యాయం కాదు. అమ్మ నిజంగా ఆ మాట అని ఉంటే నాకు రూపాయి రాకపోయినా ఫర్వాలేదు అనే కూతుళ్లు ఉన్నారు. వాళ్లకు రాజీ దగ్గర దొరికేది ఏమీ లేదు.

ప్రతివాది: అలాంటి కూతురైతే నేను ఎదురు మాట్లాడను. కానీ నోటీసులో మొదటి వాక్యం ఏం రాయిస్తారు? అమ్మగారు రాసిన వీలునామా ప్రకారం లెక్క చెప్పండి అనా?

వాది: కాదు. అమ్మ రాసిందని మీరు చెబుతున్న కాగితం అని రాయిస్తాను. లెక్క ఇవ్వాలి కాబట్టి ఇవ్వమంటాను, ఒప్పుకోను కాబట్టి ఆ మాట కలుపుతాను.

ప్రతివాది: ఆ నాలుగు మాటలు చదివిన అన్నయ్య లెక్కల పుస్తకం తెరవడు, ప్లీడరు దగ్గరికి పరిగెత్తుతాడు. దగ్గరుండి సేవ చేసిన అక్క ఆ వీధిలో మీ మొహం చూడదు.

వాది: ఆ నాలుగు మాటలు తీసేస్తే, రేపు బోనులో నన్ను నిలబెట్టి, వీలునామా నిజమని మీ నోటీసులోనే రాశారు కదా అని అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పాలి?